పూసల పలక ఇప్పుడు, మాట్లాడే బొమ్మ తర్వాత

ప్రశ్న: అటక మీద సామాను దించుతుంటే రెండు పాత వస్తువులు దొరికాయి. ఒకటి నా చిన్నప్పటి పూసల పలక. రెండోది 1981లో మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన, మాట పలికి స్పెల్లింగ్ అడిగే 'స్పీక్ అండ్ స్పెల్' బొమ్మ. మనవరాలికి ఐదేళ్లు. ఇవి దాని చదువుకి పనికొస్తాయా? ట్యాబ్ ఉండగా ఇవెందుకంటోంది మా కోడలు.
– ఒక పాఠకురాలు, స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

జవాబు: రెండూ పనికొస్తాయమ్మా. ఇప్పుడు చేతికివ్వాల్సింది మాత్రం పలక.

కావలి దగ్గర పల్లెటూరి బడిలో నేను ఒకటో తరగతికి చెప్పేదాన్ని. నూరు దాకా గడగడా అప్పజెప్పే పిల్లల ముందు నాలుగు చింతపిక్కలు పోసి లెక్కపెట్టమంటే, వేలు ఒక పిక్క మీద ఉండగానే నోరు రెండంకెలు దాటిపోయేది. ఆ తడబాటు పూసల దగ్గర తీరుతుంది. ఒక్కో పూసా జరుపుతూ ఒక్కో అంకె చెప్పమనండి. అది కుదిరాక, తీగ మీదున్న పది పూసల్లో ఏడింటిని ఎడమకి తోసి, "పదికి ఇంకా ఎన్ని కావాలి?" అని అడగండి. కుడివైపు మూడు కనబడుతూనే ఉంటాయి. కొన్నాళ్లకి చూడకుండానే చెబుతుంది. అప్పుడు ఎనిమిదీ ఐదూ కలపమంటే, ఐదులోంచి రెండు తీసి ఎనిమిదిని పది చేసుకుంటుంది, మిగిలిన మూడూ కలిపి పదమూడు అంటుంది. వేళ్లు మడిచే పని ఉండదు. నా దృష్టిలో మొదటి తరగతి లెక్కలన్నిటిలో ముఖ్యమైనది ఇదే. ట్యాబ్‌లో చాలా ఆటలు పిల్ల ఆలోచించేలోపే జవాబు చూపించేస్తాయి. మీ కోడలికి ఈ పదుల ఆట ఒకసారి ఆడి చూపించండి.

ఒక్క జాగ్రత్త. పాత రంగుల్లో పిల్లలకి హాని చేసే సీసం (లెడ్) ఉండొచ్చు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మనకి 2016లో గానీ రాలేదు. పూసల రంగు పెచ్చులు లేస్తుంటే ఆ పూసలే తీసేసి, రంగు లేని చెక్కపూసలు ఎక్కించండి. కొత్తది కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి.

పలక చల్లగా, బరువుగా ఉండి, అంచున పొరలు కనిపిస్తే అది రాతి పలకే. బహుశా మార్కాపురం రాయే అయ్యుంటుంది. దొండాకు, బొగ్గుపొడి రుద్ది మేం నల్లగా చేసుకునేవాళ్లం, ఇప్పటికీ చేయొచ్చు. బలపం పొడి ముక్కులోకి పోకుండా తడిగుడ్డతోనే తుడవనివ్వండి.

ఇక ఆ బొమ్మ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 1978లో తెచ్చారు. లోపల టేపు గానీ రికార్డు గానీ లేదు. మనిషి గొంతు పలికే తీరుని అంకెలుగా దాచుకుని, ఒకే ఒక్క చిప్ ఆ మాటని మళ్లీ తయారుచేస్తుంది. ఆ రోజుల్లో అది చాలా గొప్ప విషయం. నాకు బాగా నచ్చేది దాని ఓపిక. మాట చెబుతుంది, పిల్ల అక్షరాలు నొక్కుతుంది. తప్పైతే మళ్లీ ప్రయత్నించమంటుంది. రెండోసారీ తప్పైతే సరైన స్పెల్లింగ్ తనే చెప్పి, తర్వాతి మాటకి పోతుంది. నలుగురిలో తిట్లు తింటానన్న టెన్షన్ పిల్లకి ఉండదు.

అయితే దానికి వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే, అదీ అమెరికా యాసలో. మనవరాలు ఇంగ్లీషు చిన్న మాటలు సొంతంగా చదవగలిగాక, ఏడేళ్లప్పుడు ఇవ్వండి. ఈలోగా గుణింతాలు చింతపిక్కలు పేర్చి దిద్దించండి.

బొమ్మకి నాలుగు 'సి' సైజు సెల్లు పడతాయి. టార్చిలైట్లో వేసే పెద్ద సెల్లు కన్నా ఇవి కాస్త చిన్నవి. ముందు సెల్లు పెట్టే అర తెరిచి చూడండి. పాత ఆల్కలైన్ సెల్లు కారి తెల్లటి పొడి పట్టి ఉంటే, చేతికి గ్లవ్స్ వేసుకుని, దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి. ఇంట్లో ఏదో అడాప్టర్ ఉంది కదా అని గుచ్చకండి. ప్లస్సు, మైనస్సు తారుమారైతే లోపలి చిప్ పోతుంది, అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. వాడనప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టండి.