500 కీచురాళ్ళు, తిననంటున్న తొండ

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటామండీ. మా బాబుకి 11 ఏళ్ళు, వాడి గొడవ పడలేక 2 ఏళ్ళ కిందట బియర్డెడ్ డ్రాగన్, అంటే ఒక రకం పెంపుడు తొండ, కొన్నాం. నవంబర్ నుంచి అది తిండి మానేసి మూలకి దూరి పడుకుంటోంది. వెట్‌కి చూపిస్తే బ్రూమేషన్, అంటే చలికాలం నిద్రలాంటిది, బరువు తగ్గకుండా చూసుకోండి చాలు అన్నారు. కానీ అప్పటికే దాని తిండికని ఆన్‌లైన్‌లో 500 బతికున్న కీచురాళ్ళ డబ్బా ఆర్డర్ పెట్టేశాం, అవి గరాజ్‌లో రాత్రంతా ఒకటే అరుపు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు "పాపం కదమ్మా, పెరట్లో గడ్డిలో వదిలేయండి, బయట ఇలాంటివి ఎన్ని లేవు" అంటారు, మావారేమో టాయిలెట్లో పోసి ఫ్లష్ కొట్టేద్దాం అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దండీ. మీ అత్తగారి మాటలో కొంత నిజం లేకపోలేదు, టెక్సస్‌లో వర్షాలు పడ్డాక సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో షాపుల లైట్ల కింద కీచురాళ్ళు చీపురుతో ఊడ్చేంత పడతాయి, ఆవిడ అవి చూసే అని ఉంటారు. కానీ అవి అక్కడి నేల మీద పుట్టినవి, నల్లగా ఉంటాయి, మీ డబ్బాలోవి ఫార్మ్‌లో పెంచినవి, జాతి వేరు. 2010 ప్రాంతంలో అమెరికాలో ఈ ఫార్మ్‌లకి డెన్సోవైరస్ అనే జబ్బు తగిలి లక్షల్లో చచ్చాయి. అప్పుడు కొంతమంది ఆ వైరస్‌ని తట్టుకుంటాయని వేరే జాతులు తెచ్చి పెంచడం మొదలుపెట్టారు, అందులో ఒకదానికి పెట్ షాపుల్లో అమ్ముడుపోతున్నాక 2012లో గానీ శాస్త్రీయ నామం పెట్టలేదు! లోకోరోహో అని పెట్టారు, స్పానిష్‌లో పిచ్చి ఎర్రది అన్నట్టు. అంటే మీ డబ్బాలో ఏముందో, ఏ జబ్బు మోసుకొచ్చిందో మీకూ తెలీదు నాకూ తెలీదు, అలాంటివి గడ్డిలో వదిలితే పుణ్యం ఎక్కడిదండీ, పైగా ఆ చలికి, అక్కడి చీమలకి వాటికీ సుఖం లేదు.

ఫ్లష్ సంగతి అంటారా, అవి తేలతాయి, అన్నీ ఒక్కసారికి పోవు, సగం గోడ ఎక్కుతాయి. మావారు కూడా ఒకసారి ఈ తెలివి చూపించారు, వారం రోజులు బాత్‌రూమ్‌లో కచేరీ విన్నాం.

చంపక తప్పదంటే ఫ్రీజర్ ఒక్కటే సరైన దారి. చల్లబడేకొద్దీ పురుగులు మందగించి కదలకుండా అయిపోతాయి, ఇంట్లో చేయగలిగినవాటిలో ఇంతకన్నా వాటికి బాధ తక్కువ పద్ధతి నాకు తెలీదు, అత్తగారికి అలాగే చెప్పండి. ముందు డబ్బాని ఓ అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెడితే మత్తుగా అవుతాయి, అప్పుడు అవి దాక్కోడానికి డబ్బాలో పెట్టే కోడిగుడ్ల అట్టలు దులిపి కీచురాళ్ళని మాత్రం జిప్‌లాక్ కవర్లో వేసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, ఫ్రీజర్లో కనీసం 2 రోజులు ఉంచండి. అట్టలతో పాటు కుక్కేస్తే మధ్యలో ఉన్నవాటికి చలి తొందరగా అందదు, అందుకే దులపమన్నాను. అందరూ మర్చిపోయేది కీచురాళ్ళు పెట్టే గుడ్ల సంగతి. డబ్బాలో తడి మట్టి గానీ తడి స్పాంజ్ గానీ ఉంటే ఆడవి అందులోనే గుడ్లు పెడతాయి, చిన్న బియ్యపు నూకల్లా సన్నగా కనపడతాయి, వెచ్చగా ఉంటే 10 రోజులు, 2 వారాల్లో పొదుగుతాయి. ఆ మట్టో స్పాంజో అలాగే చెత్తబుట్టలో వేస్తే మళ్ళీ అదే గోల, కాబట్టి అదీ ఫ్రీజర్లోకే. ఆ తర్వాత మూతి బిగించి చెత్తలో పడేయొచ్చు.

మీ ఫ్రీజర్లో పప్పు, పచ్చళ్ళు, గోంగూర కవర్లు ఉంటాయి కదా, అందుకని ఈ కవర్ వేరే మూత ఉన్న డబ్బాలో పెట్టి పేరు రాయండి, లేకపోతే ఎవరో ఒకరు కరివేపాకు అనుకుని తీస్తారు. తొండలకీ వాటి తిండికీ సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, కిచెన్ సింక్‌లో ఏదీ కడగొద్దు, పట్టుకున్నాక బాబుని సబ్బుతో చేతులు కడుక్కోమనండి. ఇంట్లో ఎవరికైనా రొయ్యలు పడకపోతే ఈ పురుగులు కూడా పడకపోవచ్చు, వాళ్ళచేత ఈ పని చేయించకండి.

చంపడం మనసొప్పకపోతే బతికుండగానే దగ్గర్లో కోళ్ళు పెంచేవాళ్ళకో, ఇంకో తొండ ఉన్నవాళ్ళకో ఇచ్చేయండి, సంతోషంగా తీసుకుంటారు. మీ డ్రాగన్ నిద్ర లేచాక కూడా 500 తెప్పించకండి, పిల్లగా ఉన్నప్పుడు పురుగులే ఎక్కువ తింటుంది గానీ 2 ఏళ్ళు దాటిన దానికి ఆకుకూరలే ప్రధానం, అసలు మీ ఇంట్లో మిగలడానికి కారణం అదే అనుకుంటాను. వేసినవి 15, 20 నిమిషాల్లో తినకపోతే తీసేయండి, రాత్రి ట్యాంక్‌లో ఉంటే నిద్రపోతున్న డ్రాగన్‌నే కొరుకుతాయి. అన్నట్టు వేసవిలో బాబు పెరట్లో మిణుగురులు పట్టి దానికి పెట్టకుండా చూడండి, ఒక్కటి తిన్నా చనిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అరవానా చేపకి మేతగా సూపర్‌వార్మ్స్ అనే బతికున్న పురుగులు కొంటాను. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికల్లా నల్లబడి చచ్చిపోయాయి. అలాంటివే మీల్‌వార్మ్స్ అనే పురుగులు మాత్రం ఫ్రిజ్‌లో బాగానే ఉంటాయట, ఎందుకని?

జవాబు: రెండూ చూడ్డానికి ఒకటే గానీ జాతులు వేరండీ. మీల్‌వార్మ్ చల్లదనంలో పెరగడం ఆపి నిద్రలా ఉండిపోతుంది, సూపర్‌వార్మ్ వెచ్చటి దేశాలది, ఫ్రిజ్‌కి తట్టుకోదు. గోధుమ తవుడు పోసిన డబ్బాలో నీడన ఉంచి రోజూ క్యారెట్ ముక్క వేయండి చాలు. గుంపుగా ఉన్నంతకాలం అది పురుగుగానే ఉండిపోతుంది, ఒక్కదాన్నే విడిగా పెడితేనే ప్యూపా (గూటి దశ) అయ్యి నల్ల బీటిల్‌గా, అంటే పెంకు పురుగుగా మారుతుంది, కాబట్టి అవి పెరిగిపోతాయని భయం అక్కర్లేదు. మే నెల ఎండకి బాల్కనీలో మాత్రం పెట్టకండి. చచ్చి నల్లబడ్డవి చేపకి వేయకుండా పారేయండి, తవుడు మొక్కలకి వేసుకోవచ్చు, ఎరువుగా బాగా పనికొస్తుంది.