ఊర్ల పేర్ల మీద పరిశోధన మొదలుపెట్టిన మనవరాలికి

కడప

చిరంజీవి పాపకు జేజినాయన ఆశీస్సులు.

మన జిల్లా ఊర్ల పేర్ల మీద పీహెచ్‌డీ చేస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ మొన్న ఫోన్లో నీ గొంతులో టెన్షన్ తెలిసింది. పుస్తకాలకే వేలు అయ్యేటట్టున్నాయన్నావు. ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఈ జాబు చదువు. నీకు కావలసిన వాటిలో చాలా భాగం నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ముందు నిఘంటువులు. ఆంధ్రభారతి సైట్లో ఒక మాట కొడితే చాలా నిఘంటువుల అర్థాలు ఒకేచోట వస్తాయి. ఏ అర్థం ఏ నిఘంటువులోదో అక్కడే చూసి రాసుకో. బ్రౌన్ దొర నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల సైట్లో ఉంది. అందులో తెలుగు మాటలే కాదు, ఇంగ్లీషులో ఇచ్చిన అర్థాలను కూడా వెతకొచ్చు. చెరువుకు, కుంటకు, వాగుకు ఉన్న పాత మాటలన్నీ అట్లా ఏరుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. బ్రౌన్ దాన్ని అచ్చు వేయించింది 1852లో, సైట్లో ఉన్నది 1903లో సవరించిన కూర్పు. ఏది చూశావో అదే రాయి. బరో, ఎమెనో చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా అక్కడే ఉంది. 'పాడు', 'కుంట' లాంటివి తమిళ కన్నడాల్లో ఎట్లున్నాయో అది చూపిస్తుంది. దాని నుంచి తీసుకున్నప్పుడు పదం నంబరు రాసుకో.

పాత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్. చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు, నువ్వు వదలొద్దు. 2005 దాకా ఇంగ్లీషులో మన జిల్లా పేరు ఇప్పటిలా రాసేవాళ్లు కాదు, తెల్లవాళ్లు పెట్టిన Cuddapah అనే స్పెల్లింగే నడిచింది. ఆ పాత స్పెల్లింగుతో వెతికితేనే గ్రిబుల్ 1875లో రాసిన జిల్లా మాన్యువల్ లాంటివి బయటపడతాయి. తెలుగు పుస్తకాల పేర్లనేమో ఎవరికి తోచినట్టు వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. పేరుతో రాకపోతే రచయిత పేరుతో చూడు, అదీ కాకపోతే పేరులో సగం ముక్కతో చూడు. స్కాన్ చేసిన తెలుగు పేజీల్లో మాట వెతికితే చాలాసార్లు దొరకదు. ఓపిగ్గా పేజీలు తిప్పాల్సిందే.

థీసిస్‌లకు శోధగంగ ఉంది. మన అంశానికి దగ్గరగా ఉన్న థీసిస్ కనిపిస్తే ముందు చివరనున్న గ్రంథసూచి తెరువు. పరిశోధన పత్రికల వ్యాసాలుండే జేస్టోర్ సైట్లో ఉచిత ఖాతా తెరిస్తే కొన్ని వ్యాసాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

శాసనాల సంగతి మాత్రం బాగా మనసులో పెట్టుకో. కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు మన జిల్లావే. తొలి తెలుగు శాసనాల మాట వస్తే ముందు వీటి పేర్లే వస్తాయి. వాటి గురించి నెట్‌లో ఎన్ని వ్యాసాలున్నా, ఎపిగ్రాఫియా ఇండికా, దక్షిణ భారత శాసనాల సంపుటాలు తెరిచి అసలు పాఠం చూడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక వ్యాసం నమ్మి ఒక శాసనం సంవత్సరం ఉన్నదున్నట్టు రాశాను. అచ్చయ్యాక మూలం చూస్తే అది శక సంవత్సరం. క్రీస్తు శకంలోకి మార్చాలంటే 78 కలపాల్సింది, ఆ వ్యాసం రాసినాయన కలపలేదు, నేను సరిచూడలేదు. నేను రాసిన ఆ తప్పును ఇప్పటికీ ఎవరో ఒకరు చదువుతుంటారని తలుచుకుంటే బాధే. వికీపీడియా కూడా చూడు, అయితే కింద ఇచ్చిన మూలాల కోసం చూడు.

ఏది చూసినా సంపుటం, పేజీ, చూసిన తేదీ ఆ పూటే నోటుబుక్కులో ఎక్కించు. పీడీఎఫ్‌లకు రచయిత పేరు, సంవత్సరం కలిపి పేరు పెట్టు.

నెట్‌లో దొరకనివి ఒక కాగితం మీద రాసి ఉంచు. ఆదివారం నువ్వు వస్తే ఇంట్లో ఉన్నవి చూద్దాం, సోమవారం ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీకి ఇద్దరం కలిసి పోదాం. లాప్‌టాప్‌తో పాటు చార్జరు కూడా తెచ్చుకో పాపా.

నీ జేజినాయన