లండన్‌లో బిజినెస్ కోర్సా, వేరే ఊళ్లో స్ట్రక్చరల్ ఇంజనీరింగా?

ప్రశ్న: మాది సూర్యాపేట. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతున్నాను. వయసు 54. మా అబ్బాయి బీటెక్ సివిల్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో సైట్ ఇంజనీరుగా చేస్తున్నాడు, జీతం 28 వేలు. 2026 సెప్టెంబరుకు యూకేలో మూడు సీట్లు వచ్చాయి. లండన్‌లో ఇంటర్నేషనల్ బిజినెస్ ఎమ్మెస్సీ (ఫీజు 17,000 పౌండ్లు), లండన్‌లోనే స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ (29,000), ఉత్తరాన ఒక నగరంలో అదే స్ట్రక్చరల్ (26,500). కన్సల్టెన్సీ వాళ్లు మొదటిది తీసుకోమంటున్నారు. బ్యాంకులో 14 లక్షల డిపాజిట్ ఉంది, సొంత ఇల్లు ఉంది. అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఏది ఎంచుకోవాలి?

జవాబు: ముందే చెప్పేస్తాను, మొదటిది వద్దు. ఫీజు తక్కువగా కనబడుతోంది కాబట్టే మీకు దాని మీద మనసు పోతోంది. మొత్తం ఖర్చు చూస్తే ఆ తేడా అంత పెద్దది కాదు. పైగా ఆ డిగ్రీతో అక్కడ ఉద్యోగం దొరకడం మిగతా రెండింటికంటే చాలా కష్టం. కన్సల్టెన్సీలకు యూనివర్సిటీలు కమీషన్ ఇస్తాయి. వాళ్ల మాట వినండి, కానీ కోర్సు నిర్ణయం మాత్రం వాళ్లకు వదలకండి.

పౌండు 120 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. వీసా కోసం లండన్‌లో అయితే నెలకు 1,529 పౌండ్లు, బయట అయితే 1,171 పౌండ్ల చొప్పున 9 నెలల ఖర్చుకు డబ్బు ఉన్నట్టు చూపించాలి. చాలామంది తల్లిదండ్రులు ఈ 9 నెలల మొత్తమే ఖర్చు అనుకుంటారు. కోర్సు 12 నెలలు. ఆ నెలసరి మొత్తాన్నే పట్టుకున్నా ఏడాదికి లండన్‌లో 22 లక్షలు, బయట దాదాపు 17 లక్షలు అవుతుంది. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటే కట్టే హెల్త్ సర్‌చార్జీ ఏడాది కోర్సుకు 1,164 పౌండ్లు, అంటే 1.4 లక్షలు. వీసా ఫీజు, టికెట్, వెళ్లగానే కొనుక్కునే సామాన్లకు మరో 2 లక్షలు వేసుకోండి. అన్నీ కలిపితే లండన్ బిజినెస్ కోర్సుకు 46 లక్షలు, లండన్ స్ట్రక్చరల్‌కు 60 లక్షలు, ఉత్తరాది స్ట్రక్చరల్‌కు 52 లక్షలు.

అద్దె దగ్గర ఒక విషయం. అక్కడ గది అద్దె వారానికి చెబుతారు. వారానికి 200 పౌండ్లు అనగానే మనవాళ్లు నాలుగుతో గుణించి నెలకు 800 అనుకుంటారు. ఏడాదికి 52 వారాలు, కాబట్టి నెలకు 867 పడుతుంది. హాస్టల్ ఒప్పందం ఎన్ని వారాలకో కూడా చూడాలి. చదువు అయిపోయే ముందే గడువు ముగిస్తే చివరి నెలల్లో థీసిస్ రాసుకుంటూ గది వెతుక్కోవాల్సి వస్తుంది. లండన్‌లో ఈస్ట్‌హామ్, ఇల్ఫర్డ్ వైపు మన తెలుగు పిల్లలు గదులు పంచుకుని ఖర్చు తగ్గించుకుంటారు, నిజమే. మీ అబ్బాయీ అలా తగ్గించుకోవచ్చు. అయినా బడ్జెట్‌ను దాని మీద ఆధారపడి వేయొద్దు.

పార్ట్‌టైమ్ సంపాదన మాటేమిటని అడుగుతారు. టర్మ్ సమయంలో వారానికి 20 గంటలే అనుమతి. ఎమ్మెస్సీ వాళ్లకు థీసిస్ రాసే వేసవి నెలలు కూడా టర్మ్ కిందే లెక్క. అప్పుడు ఫుల్‌టైమ్ చేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మొద్దు, వీసాకే ముప్పు. మన లెక్కలో ఈ ఆదాయం సున్నా. వస్తే వాడి చేతి ఖర్చులకు ఉంటుంది.

ఇక అసలు విషయం ఉద్యోగం. చదువు అయ్యాక అక్కడే ఉండి ఉద్యోగం చేసుకునేందుకు ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే ఎమ్మెస్సీ వాళ్లకు 18 నెలలే. మీ అబ్బాయి ఆ లెక్కలోకే వస్తాడు. ఈ వీసాకు కూడా ఫీజు, హెల్త్ సర్‌చార్జీ కలిపి 2,400 పౌండ్లకు పైనే అవుతుంది, అంటే దాదాపు 3 లక్షలు. పై లెక్కలో ఇది లేదు, చదువు అయ్యేలోగా షాపు ఆదాయంలోంచి విడిగా పక్కన పెట్టాలి. ఆ 18 నెలల్లో, తర్వాత కూడా అక్కడ ఉద్యోగం చేయడానికి కావలసిన స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. 2025 జూలై నుంచి కొత్త దరఖాస్తులకు ఈ వీసా చాలావరకు డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే. చదువు ముగించుకుని మారేవారికి రాయితీ ఉన్నా జీతం కనీసం 33,400 పౌండ్లు ఉండాలి, ఆ వృత్తికి నిర్ణయించిన రేటు బట్టి ఇంకా ఎక్కువే కావచ్చు. షాపు సూపర్‌వైజర్, రెస్టారెంట్ మేనేజర్ పనులకు ఇప్పుడు స్పాన్సర్‌షిప్ లేదు. ఇంటర్నేషనల్ బిజినెస్ చదివి, అక్కడి అనుభవం లేని కుర్రాడికి ఆ జీతంతో వీసా ఇప్పించేందుకు ఏ కంపెనీ ముందుకొస్తుంది? సైట్ మీద రెండేళ్లు కాంక్రీటు పోయించిన అనుభవాన్ని కూడా ఆ కోర్సు పక్కన పడేస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

అందుకే నా ఓటు ఉత్తరాది స్ట్రక్చరల్‌కు. డిగ్రీ ఏ ఊళ్లో చేసినా గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం లండన్‌లో చేసుకోవచ్చు. ఖరీదైన ఊళ్లో లైబ్రరీలో కూర్చునే ఏడాది కంటే, అదే ఊళ్లో జీతం వచ్చే ఏడాది గడపడం మేలు. ఆరప్, మాట్ మెక్‌డొనాల్డ్ లాంటి ఇంజనీరింగ్ సంస్థలకు మాంచెస్టర్, లీడ్స్‌లోనూ ఆఫీసులున్నాయి.

అయితే ఒక షరతు. సివిల్, స్ట్రక్చరల్ కోర్సులకు అక్కడ జాయింట్ బోర్డ్ ఆఫ్ మోడరేటర్స్ గుర్తింపు ఇస్తుంది. చార్టర్డ్ ఇంజనీర్ అనే వృత్తి హోదాకు ఇది పునాది. వాళ్ల వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు కొట్టి, మీ అబ్బాయికి వచ్చిన కోర్సు పేరు అక్షరం తేడా లేకుండా ఉందో, అతను చేరే సంవత్సరానికి గుర్తింపు వర్తిస్తుందో చూడమనండి. ఉత్తరాది కోర్సుకు అది లేకుండా లండన్ కోర్సుకు ఉంటే నా సలహా మారుతుంది. అప్పుడు లండన్ యూనివర్సిటీని స్కాలర్‌షిప్ అడగండి. కనీసం ఆరేడు లక్షలైనా తగ్గితేనే వెళ్లమంటాను.

అప్పు సంగతి. మీ 14 లక్షల్లో 10 మాత్రమే వాడండి, మిగతా 42 లక్షలు లోన్. పదిన్నర శాతం వడ్డీ అనుకుంటే, చదువుకాలం వడ్డీ కలిసి అసలు దాదాపు 47 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 63 వేలు, పదిహేనేళ్లయితే 52 వేలు. అదే లండన్ స్ట్రక్చరల్ అయితే పదేళ్ల ఈఎంఐ 75 వేలు. అబ్బాయి ఉద్యోగం లేకుండా తిరిగొచ్చాడే అనుకోండి, ఇక్కడి జీతంతో ఈ ఈఎంఐ ఎంతవరకు కడతాడో, మిగతాది మీ షాపు మోయగలదో లేదో లెక్క కట్టండి. అలాంటి డిగ్రీతో ఇక్కడ ఎంత జీతం ఇస్తారో అతని ఆఫీసు సీనియర్లనే అడగమనండి. మోయలేమనిపిస్తే ఈ ఏడు ఆగడంలో తప్పు లేదు, స్కాలర్‌షిప్‌ల కోసం ముందుగానే దరఖాస్తు చేసుకుని వచ్చే ఏడు వెళ్లొచ్చు. లోన్ 15 ఏళ్లకే తీసుకోండి, జీతం బాగుంటే ముందే తీర్చేయొచ్చు. చదువుకాలంలో వడ్డీ నెలనెలా కట్టగలిగితే కట్టండి, భారం బాగా తగ్గుతుంది. బ్యాంకు లోన్ డబ్బు విదేశాలకు పంపితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను) పడదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే ఆ పై భాగానికి పడుతుంది, అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది.

వీసాకు చూపించే డబ్బు 28 రోజులు ఖాతాలో ఉండాలి, లేదా బ్యాంకు లోన్ మంజూరు లేఖ ఉండాలి. ఫండ్స్ మేం చూపిస్తాం, కమీషన్ ఇవ్వండి అనే వాళ్ల జోలికి పోవద్దు. మోసం అని తేలితే పదేళ్లు ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

మిగిలిన 4 లక్షలు అమ్మాయి పేరున డిపాజిట్‌గా మార్చండి. ఇల్లు తనఖా పెట్టే ముందు మీ శ్రీమతిని, అమ్మాయిని కూడా కూర్చోబెట్టి ఈ అంకెలన్నీ చూపించండి. సంతకం ఆ తర్వాతే.