అడ్మిన్‌గా తెరిచినా 'ఫైల్ దొరకలేదు' అంటోందా? ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి

మొన్నటిదాకా బాగా నడిచిన ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు తెరవగానే 'డాక్యుమెంట్స్‌లో ఫైల్ దొరకలేదు' అని చూపించి మూసుకుపోతోందని, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చినా అంతేనని రాశారు. ఆ రెండో ముక్క చదవగానే మా బాబాయి స్టూడియో గుర్తొచ్చిందండి.

తెనాలిలో ఆయనది చిన్న ఫొటో స్టూడియో. మాఘమాసం, చేతిలో ఆరు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు. సరిగ్గా అప్పుడే ఇదే ఎర్రర్. నేను వెళ్లేసరికే సాఫ్ట్‌వేర్‌ని మూడుసార్లు తీసేసి మళ్లీ వేశారు. నేను డాక్యుమెంట్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ చూశాను. బాబాయి అకౌంట్‌కి ఫుల్ కంట్రోల్ ఉంది. అయినా నమ్మకం కుదరక 'ఎవ్రీవన్'కి కూడా ఫుల్ కంట్రోల్ ఇచ్చాను. ఏమీ మారలేదు. మీరూ అలా చేసి ఉంటే ముందు దాన్ని తీసేయండి, రోగానికీ ఆ మందుకీ సంబంధం లేదు.

దారి చూపింది నోట్‌ప్యాడ్. అందులో రెండు అక్షరాలు కొట్టి అదే డాక్యుమెంట్స్‌లో సేవ్ చేస్తే చక్కగా సేవ్ అయింది. అంటే అడ్డు పడుతున్నది మనిషికి కాదు, ఆ ఒక్క ప్రోగ్రామ్‌కి. మీరూ ముందు ఇది చేసి చూడండి, నిమిషం కూడా పట్టదు.

అడ్డుపడుతున్నది కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సెట్టింగ్. 2017 చివర్లో విండోస్ 10లోకి వచ్చింది, 11లోనూ ఉంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ నుంచి కాపాడటానికి పెట్టారు. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ లాంటి ఫోల్డర్లలో తనకు నమ్మకం లేని ప్రోగ్రామ్ ఏదీ రాయకుండా ఆపేస్తుంది. అడ్మిన్‌గా తెరిచినా ఆపుతుంది. ఎందుకు రాయలేకపోయిందో పాపం ఆ ప్రోగ్రామ్‌కి అర్థం కాదు, అందుకే 'ఫైల్ దొరకలేదు' అంటుంది. మామూలుగా ఇది ఆఫ్‌లోనే ఉంటుంది. బాబాయి దగ్గర పాత యాంటీవైరస్ గడువు తీరిపోతే, దాన్ని తీసేయడానికి వచ్చిన కుర్రాడు మంచికేనని ఇది ఆన్ చేసి, చెప్పకుండా వెళ్లాడు.

విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ కింద ప్రొటెక్షన్ హిస్టరీ తెరవండి. మీకు ఎర్రర్ వచ్చిన సమయానికే ఏదైనా ప్రోగ్రామ్‌ని ఆపినట్టు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఈవెంట్ వ్యూయర్ అలవాటున్నవాళ్లు విండోస్ డిఫెండర్ ఆపరేషనల్ లాగ్‌లో 1123 నంబర్ ఈవెంట్ కోసం వెతకండి.

అక్కడున్న ఎగ్జిక్యూటబుల్ (ప్రోగ్రామ్‌ని నడిపే .exe ఫైల్) పేరు జాగ్రత్తగా చదవండి. మా దగ్గర ఆగిపోయింది డెస్క్‌టాప్ మీద ఐకాన్ ఉన్న ప్రోగ్రామ్ కాదు, అది మొదలవగానే లోపల్నించి నడిపే ఇంకో చిన్న ప్రోగ్రామ్. ఇది గమనించక నేను ఇంకో అరగంట పోగొట్టుకున్నాను. పేరు తెలిశాక రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ పేజీలో 'అలో యాన్ యాప్' లింక్ నొక్కి దాన్ని చేర్చండి. సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.

ఈ అనుమతి ఆ ప్రోగ్రామ్ ఉన్న చోటుకే ఇస్తారు. అప్‌డేట్ వచ్చి వేరే ఫోల్డర్‌లోకి మారితే మళ్లీ చేర్చాల్సిందే.

చాలామంది 'ఆ సెట్టింగే ఆఫ్ చేసేయ్' అంటారు. దయచేసి ఆ పని చేయకండి. మీ హార్డ్ డిస్క్‌లో ఉన్నవి మీ ఫైళ్లు మాత్రమే కాదు, మళ్లీ తీయలేని పెళ్లి ఫొటోలు. అలాగే ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ కాపీ అయితే దానికి అనుమతి ఇవ్వనే ఇవ్వకండి.

హిస్టరీలో ఏమీ కనిపించకపోతే డాక్యుమెంట్స్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ చూడండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయితే ఆ ఫోల్డర్ చిరునామా మారిపోయి ఉంటుంది, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు పాత చోటే వెతుక్కుంటాయి. అక్కడ కనిపించిన పాత్‌ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.