సిండ్రెల్లా చెప్పులో రక్తం

పోయిన నెల ఇక్కడ ఓ మాట అన్నాను. పాత కథల్ని చీకటిగా, భయపెట్టేలా మళ్లీ తీస్తున్న సినిమాల్లో కొన్నింటిని నేను ఇష్టంగా చూస్తానని. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి, కొన్ని కోపంగా కూడా. కోపంగా ఉన్నదాంతోనే మొదలుపెడతాను.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దసరా సెలవుల్లో మా చెల్లెలి పిల్లలతో కలిసి ల్యాప్‌టాప్‌లో ఏదో సిండ్రెల్లా సినిమా పెట్టుకున్నారు. సిండ్రెల్లాయే కదా అని నేను వంటింట్లోనే ఉండిపోయాను. అరుపులు విని వెళ్లి చూస్తే తెర మీద ఒకమ్మాయి కాలి వేళ్లు నరుక్కుంటోంది! మా పిల్ల రెండు రాత్రులు నా పక్కనే పడుకుంది. చిన్నపిల్లల కథల్ని ఇలా పాడుచేయడానికి వీళ్లకేం హక్కుంది? (ఓ తల్లి, ఖమ్మం)

జవాబు: పాప ఇప్పుడెలా ఉందో ముందు అది రాయండి నాకు. ఆ వయసు పిల్లలు చూడాల్సిన సినిమా కాదది, ఆ విషయంలో నేను పూర్తిగా మీ వైపే. మీరు చెప్పినదాన్ని బట్టి అది 2025లో వచ్చిన నార్వే సినిమా, 'ది అగ్లీ స్టెప్‌సిస్టర్'. ఎమిలీ బ్లిక్‌ఫెల్ట్ అనే దర్శకురాలి మొదటి సినిమా, పెద్దవాళ్ల కోసం తీసిన హారర్.

కానీ కథను పాడుచేశారు అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఆ వేళ్లు నరుక్కోవడం ఆవిడ కల్పించింది కాదండీ. జర్మనీలో గ్రిమ్ సోదరులు పోగుచేసిన కథల పుస్తకంలోనే ఉంది, ఆ పుస్తకం మొదటి భాగం వచ్చింది 1812లో. వాళ్ల సిండ్రెల్లాలో చెప్పు గాజుది కాదు, బంగారంది. అది సవతి అక్కలకు పట్టకపోతే తల్లే కత్తి చేతికిచ్చి, వేలు కోసేయ్, రాణివయ్యాక నడిచే పనేముంటుంది నీకు అంటుంది. ఒకామె వేలు కోసుకుంటుంది, ఇంకొకామె మడమ చెక్కుకుంటుంది. రాజకుమారుడికి ఏమీ తెలియదు, గుర్రం మీద ఎక్కించుకుని పోతుంటే చెప్పులో రక్తం ఉంది చూడమని దారిలో పావురాలు పాడతాయి. మనకు తెలిసిన సిండ్రెల్లా, అంటే గుమ్మడికాయ బండి, గాజు చెప్పు, చివర్లో అక్కలిద్దరినీ క్షమించేయడం, అదంతా ఫ్రాన్సులో షార్ల్ పెరో 1697లో రాసిన కథ. డిస్నీ వాళ్లు 1950లో తీసుకున్నది ఆ మెత్తని కథనే. మనందరి బుర్రల్లో అదే అసలు కథగా ఉండిపోయింది.

నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే సంగతి ఒకటి చెప్తాను. గ్రిమ్ సోదరులు మొదట పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పుస్తకం వేయలేదు, జనం నోట్లో ఉన్న కథలు పోకుండా దాచాలన్నది వాళ్ల తపన. ఇవి పిల్లలకు చదివి వినిపించేలా లేవని విమర్శలొచ్చాక తమ్ముడు విల్‌హెల్మ్ కూర్పు కూర్పుకీ కథల్ని దిద్దుతూ పోయాడు, 1857 దాకా ఏడు కూర్పులు. ఆయన ఏం దిద్దాడో చూడండి. రపుంజెల్ కథలో ఆ పిల్ల, నా బట్టలు ఎందుకో బిగుతైపోతున్నాయి అని అమాయకంగా అడుగుతుంది, అంటే గర్భవతి అన్నమాట. అది తీసేశాడు. సిండ్రెల్లాకేమో 1819 కూర్పులో కొత్తగా ఒకటి కలిసింది: పెళ్లి రోజున పావురాలు వచ్చి సవతి అక్కల కళ్లు పొడిచేస్తాయి. బిగుతైన బట్టలు పిల్లలు వినకూడదు, కళ్లు పొడవడం మాత్రం వినొచ్చు! రెండొందల ఏళ్ల కిందట పెద్దవాళ్లు వేసుకున్న లెక్క అది. ఇప్పుడు మనం వేసుకునే లెక్క ఇంకోటి.

ఇక మీరు చూసిన సినిమా. అందులో కథంతా సిండ్రెల్లా సవతి సోదరి ఎల్వీరా వైపు నుంచి నడుస్తుంది. రాజకుమారుడి కళ్లలో పడాలని ఆ పిల్ల ముక్కు ఉలితో కొట్టించుకుంటుంది, కనురెప్పలకు వెంట్రుకలు కుట్టించుకుంటుంది, సన్నబడాలని బద్దెపురుగు గుడ్డు మింగుతుంది. వీటిలో చాలావరకు చేయించేది తల్లి, చేతిలో డబ్బు లేని తల్లి. నేను చూస్తున్నంతసేపూ కడుపులో తిప్పింది, మధ్యలో ఒకసారి ఆపేశాను కూడా. అయినా ఆ పిల్ల మీద ఎక్కడా అసహ్యం కలగలేదు, ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఆ కథ వింటూ ఆ అక్కలకి ఎంత నొప్పి పుట్టి ఉంటుందో అని నేను ఒక్కసారీ అనుకోలేదు, మీరు అనుకున్నారా?

పాపతో దాని గురించి మాట్లాడకుండా ఉండకండి. భయం తగ్గాక, ఆ అమ్మాయి ఎవరికోసం అంత పని చేసుకుంది అని మెల్లగా అడగండి. ఆ వయసు పిల్లలకి దాని మీద చెప్పడానికి చాలా ఉంటుంది, మనం కూర్చుని వినాలి అంతే.

ప్రశ్న: మేడమ్, నన్ను పెంచింది మా నాన్నగారి రెండో భార్య. ఆవిడని అమ్మా అనే పిలుస్తాను. స్నోవైట్ అయినా, హాన్సెల్ గ్రెటెల్ అయినా, ప్రతి కథలో సవతి తల్లే ఎందుకు రాక్షసి? ఈ కొత్త సినిమాలు కూడా అదే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నాయి? (ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: తమ్ముడూ, ఇది చదివాక అమ్మకి కూడా చూపించు. ఆ రెండు కథల్లోనూ మొదట సవతి తల్లి లేదు. 1812 కూర్పులో స్నోవైట్‌ని చంపించబోయేది సొంత తల్లి. అడవిలో పిల్లల్ని వదిలేద్దామనేది కూడా హాన్సెల్ గ్రెటెల్ కన్నతల్లే. తర్వాతి కూర్పుల్లో వాళ్లని సవతి తల్లులుగా మార్చారు, స్నోవైట్ కథలో 1819కే మార్చేశారు. అమ్మ అన్న మాటకి మచ్చ పడకూడదనుకున్నారు, ఆ మచ్చ తీసుకెళ్లి ఇంకో ఆడదానికి పూశారు. ఆ రోజుల్లో కాన్పుల్లో తల్లులు పోవడం, నాన్న మళ్లీ పెళ్లి చేసుకోవడం ఇంటింటా ఉన్నదే, అందుకని మార్పు ఎవరికీ వింతగా కూడా అనిపించి ఉండదు.

హాన్సెల్ గ్రెటెల్ అయితే మొదలయ్యేదే కరువుతో. ఇంట్లో రొట్టె నలుగురికి చాలదు, అదీ అసలు భయం. మంత్రగత్తె తర్వాత వస్తుంది, ఆమె ఇల్లు రొట్టెతో కట్టి ఉండటం కూడా ఆకలి పిల్లలకి వచ్చే కలే కదా. 2020లో ఓజ్ పెర్కిన్స్ తీసిన 'గ్రెటెల్ అండ్ హాన్సెల్' ఈ ఆకలిని బాగా పట్టుకుంది, పేర్ల వరుస కూడా కావాలనే తిప్పారు, అక్క పెద్దది, కథ ఆమెది. అందులో పిల్లల్ని ఇంట్లోంచి పంపేది కన్నతల్లే. కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, ఓపిగ్గా చూడు.

ప్రశ్న: రెడ్ రైడింగ్ హుడ్‌ని తోడేలు పొట్టలోంచి వేటగాడు బయటికి తీస్తాడు కదా, ఏదో వెబ్ సిరీస్‌లో ఆ పిల్ల చచ్చిపోయింది. ఏది కరెక్టు? (డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: రెండూనమ్మా. వేటగాడు వచ్చి కాపాడేది గ్రిమ్ వాళ్ల కథలో. వాళ్లకంటే నూటపదిహేనేళ్ల ముందు పెరో రాసినదాంట్లో వేటగాడూ లేడు, కాపాడటమూ లేదు, తోడేలు తినేస్తుంది, కథ అయిపోతుంది. దాని కింద పెరో ఓ పద్యం కూడా పెట్టాడు, మెత్తగా మాట్లాడుతూ వెంటపడే తోడేళ్లే అన్నిటికంటే ప్రమాదమని ఆడపిల్లలకి హెచ్చరిక. ఈ అర్థాన్ని పట్టుకుని తీసినదే 1984లో నీల్ జోర్డాన్ 'ది కంపెనీ ఆఫ్ వుల్వ్స్'. రచయిత్రి ఏంజెలా కార్టర్ కథలోంచి వచ్చింది, స్క్రీన్‌ప్లేలో ఆవిడ చెయ్యి కూడా ఉంది.

ప్రశ్న: 'స్నోవైట్ అండ్ ది హంట్స్‌మన్', 'రెడ్ రైడింగ్ హుడ్', 'హాన్సెల్ అండ్ గ్రెటెల్: విచ్ హంటర్స్' వరసగా చూశాను. అన్నీ నల్లగా, నీలంగా ఉన్నాయి, కత్తులు, పొగమంచు, తర్వాత ఒక్కటీ గుర్తులేదు. నిజంగా మనసులో ఉండిపోయేవి ఏవైనా ఉన్నాయా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్)

జవాబు: ఉన్నాయి. మీరు చెప్పిన మూడూ 2011 నుంచి 2013 లోపు వచ్చినవి, అప్పట్లో స్టూడియోలన్నీ ఒకేసారి ఈ కథల మీద పడ్డాయి. రంగు నలుపు చేశారు, నాయిక చేతికి కత్తి ఇచ్చారు, కథ లోపల ఉన్న భయాన్ని మాత్రం తాకలేదు. 'హంట్స్‌మన్'లో చార్లిజ్ థెరాన్ రాణి ఒక్కటే నాకు గుర్తుంది, వయసు మీద పడుతోందన్న దిగులు ఆవిడ ముఖంలో నిజంగా కనిపిస్తుంది.

అదే 2012లో స్పెయిన్ నుంచి ఇంకో స్నోవైట్ వచ్చింది, పాబ్లో బెర్గెర్ తీసిన 'బ్లాంకానియెవెస్'. బ్లాక్ అండ్ వైట్, పైగా మూకీ. 1920ల నాటి సెవిల్. నాన్న పేరున్న మెటడోర్, అంటే ఎద్దులతో పోరాడేవాడు, ఎద్దు కుమ్మి కాళ్లూ చేతులూ పడిపోతాయి, ఆసుపత్రిలో చూసుకున్న నర్సే ఆ ఇంటికి రెండో భార్యగా వస్తుంది. మరుగుజ్జులు ఊరూరా తిరిగి ఎద్దుల ఆట ఆడే బృందం. ఒక్క మాట వినపడని సినిమాలో నాన్న చక్రాల కుర్చీ చుట్టూ కూతురు నాట్యం చేసే చోట నాకు గొంతు పట్టేసింది. స్పెయిన్ వాళ్ల గోయా అవార్డులు పది వచ్చాయి దానికి. ముగింపు చెప్పను, కానీ గాజు పెట్టె ఉంటుంది, ముద్దు ఉంటుంది, డిస్నీ చూపించినట్టు మాత్రం ఉండదు.

అందులో సవతి తల్లిగా వేసిన మరిబెల్ వెర్దూయే, గియెర్మో దెల్ తోరో 2006 సినిమా 'పాన్స్ లాబ్రింత్'లో పిల్లని కాపాడాలని చూసే మెర్సెదెస్. రెండూ వరసగా చూడండి, ఒకే ముఖమేనా అనిపిస్తుంది. 'పాన్స్ లాబ్రింత్' ఏ ఒక్క పాత కథా కాదు, కానీ పాత కథల ఎముకలతోనే కట్టింది. 1944, అంతర్యుద్ధం ముగిసి నియంత ఫ్రాంకో రాజ్యం నడుస్తున్న స్పెయిన్. ఒఫీలియా అనే పిల్లకి సవతి తండ్రి ఓ సైనికాధికారి, తిరుగుబాటుదారుల్ని వేటాడే పని ఆయనది. ఇంకోవైపు పిల్లకి మూడు పరీక్షలు. రెండోదాంట్లో నిండుగా వడ్డించిన బల్ల దగ్గర అరచేతుల్లో కళ్లున్న ఒకడు కూర్చుని ఉంటాడు, ఏమీ తినకూడదని ముందే చెప్పినా ఒఫీలియా రెండు ద్రాక్షపళ్లు నోట్లో వేసుకుంటుంది. చాలామంది అక్కడ ఆ పిల్లని తిట్టుకుంటారు. బయట ఊళ్లో జనానికి రేషన్ రొట్టె ఇస్తున్న రోజులవి, అదే ఇంట్లో ఆ అధికారి బల్ల మీద విందు, ఇది గుర్తుంటే తిట్టలేం. ఆ అరచేతి కళ్లవాడి కంటే సవతి తండ్రినే చూసి నేను ఎక్కువ భయపడ్డాను.

ఇంకొకటి, ఇటలీ మత్తెయో గర్రోనే 2015లో తీసిన 'టేల్ ఆఫ్ టేల్స్'. గ్రిమ్ కంటే, పెరో కంటే ముందు, 1630ల్లో బసీలే అనే రచయిత నేపుల్స్ మాండలికంలో రాసిన కథల నుంచి తీసుకున్నది. పిల్లలు కలగాలని రాణి సముద్రపు మృగం గుండె వండించుకుని తినే దృశ్యం ఉంది, భోజనానికి ముందు చూడకండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. చందమామ చదివి పెరిగాం, పిల్లలకీ చదివించాం. మన కథల్లో ఇంత క్రూరత్వం ఎప్పుడైనా ఉందా? (తెనాలి)

జవాబు: మాస్టారూ, మీరు చదివించిన చందమామలోనే నెలనెలా విక్రమార్కుడు చెట్టు మీంచి శవాన్ని దింపి భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచేవాడు కదండీ. ఆ బొమ్మ చూస్తూ నిద్రపోయిన పిల్లలమే మేమంతా. 1951 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ని చేరదీసేదే భైరవికి బలి ఇవ్వడానికి. ఉంది మాస్టారూ, పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్లు కాబట్టి మనకి అది క్రూరంగా తగల్లేదు.

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసులో బాలనాగమ్మ మెదులుతోంది. మాయల ఫకీరు ఆవిణ్ని పసిబిడ్డ దగ్గర్నుంచి ఎత్తుకుపోతాడు, వెతుక్కుంటూ వచ్చిన మగవాళ్లని రాళ్లు చేసేస్తాడు. ఫకీరు ప్రాణం ఉన్న చిలుక గురించి అందరికీ గుర్తుంటుంది, చిలుకను పట్టిన కొడుకు బాలవర్ధిరాజూ గుర్తుంటాడు. నోము పట్టానని చెప్పి ఏళ్ల తరబడి ఫకీరుని దగ్గరికి రానివ్వకుండా ఆ కోటలో ఒంటరిగా కాలం ఈడ్చిన ఆ తల్లి రాత్రుళ్లు ఎలా గడిచి ఉంటాయి? కొడుకు వచ్చేదాకా జరిగినదంతా ఆవిడ వైపు నుంచి, చిలుకను చివరి పది నిమిషాలకి పెట్టి, తెలుగులో ఎవరైనా తీస్తే మొదటి రోజు మొదటి ఆటకి నేనుంటాను. మీరూ రండి మాస్టారూ, మీ టికెట్టు నాది.