తీసివేతలో ఉన్నది అప్పు కాదు, చిల్లర

ప్రశ్న: “మేము బెంగళూరులో ఉంటున్నాము. మా అమ్మాయి మూడో తరగతి. కూడికలు చేస్తుంది కానీ, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకుని చేయవలసిన తీసివేతలు ఎన్నిసార్లు చెప్పినా రావడం లేదు. ట్యూషన్ పెట్టించాలా, అబాకస్‌లో చేర్పించాలా?”

ట్యూషన్, అబాకస్‌ల సంగతి చివర చెబుతాను. ముందు మీ ఇంట్లో ‘అప్పు’ అనే మాట మానెయ్యండి. మూడో తరగతి పిల్లలు తీసివేతల దగ్గర పడే అవస్థలో చాలా భాగం ఆ ఒక్క మాట తెచ్చిపెట్టినదేనని నా గట్టి నమ్మకం. దీనికి నా దగ్గర ఉన్న సాక్ష్యం మా అబ్బాయి ఒక్కడే, అయినా ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

నేను చెన్నైలో ఒక కంపెనీలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. ఇరవయ్యేళ్లకు పైగా జమాఖర్చుల మధ్యే బతుకుతున్నదాన్ని, కన్నకొడుక్కి తీసివేత నేర్పలేకపోయాను. వాడికి నేర్పింది మా నాన్న. ఆయన నెల్లూరు జిల్లా నుంచి వచ్చి పెరంబూరులో ముప్పై అయిదేళ్లు చిల్లర కొట్టు నడిపారు.

రెండేళ్ల క్రితం, ఒక ఆదివారం మధ్యాహ్నం మావాడు నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. 402లోంచి 178 తీసివేయమన్న లెక్కకు 376 అని రాశాడు, దానికి ఎర్ర సిరాతో అడ్డంగా గీత పడింది. ఎలా వచ్చిందని అడిగితే తడుముకోకుండా చెప్పాడు: ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, ఏడులోంచి సున్నా పోతే ఏడు, నాలుగులోంచి ఒకటి పోతే మూడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీశాడు, అది పైన ఉందా కింద ఉందా అన్నది వాడికి పట్టలేదు. మీ అమ్మాయి పుస్తకం తెరిచి చూడండి, ఇదే తప్పు కనిపిస్తుందని పందెం కాస్తాను. వాడికి తీసివేత రాక కాదు, మూడు వేర్వేరు తీసివేతలు తప్పు లేకుండా చేశాడు. ఆ మూడూ కలిసి ఒకే సంఖ్య అన్న సంగతే వాడికి అందలేదు.

నేను నాకు నేర్పినట్టే మొదలుపెట్టాను. “రెండులోంచి ఎనిమిది పోదు కనక పక్కింటికి వెళ్లి అప్పు తెచ్చుకోవాలి” అన్నాను. పక్కింట్లో సున్నా ఉందన్నాడు. “అయితే ఆ సున్నా తన పక్కింటికి వెళ్లి అప్పు తెచ్చి మనకు ఇస్తుంది” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “లేనివాళ్ల దగ్గర అప్పు ఎలా తెస్తారమ్మా? తెచ్చింది మళ్లీ ఎప్పుడు తీరుస్తాం?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. తీసివేతలో ఎవరూ ఏదీ తీర్చరు. ఒకటి అడిగితే పది ఎందుకు వస్తుందో కూడా అప్పు అనే మాటతో చెప్పడం కుదరదు, అలా ఇచ్చే వడ్డీ వ్యాపారి లోకంలో లేడు.

పడక కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్న మా నాన్న, “అమ్మాయ్, అప్పు సంగతి నాకు తెలుసు, ఖాతా పుస్తకాలు నాలుగు బీరువాలో ఇంకా ఉన్నాయి. ఇది అప్పు కాదు” అంటూ లేచి, కొట్టు మూసేసినా పారెయ్యకుండా దాచుకున్న గల్లాపెట్టెను నేల మీద పెట్టారు. నా చేతిసంచీలోంచి వంద నోట్లు, పది నోట్లు, పూజగదిలోని హుండీలోంచి రూపాయి నాణేలు తీయించారు. మనవడి చేతికి నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి, మిగిలినదంతా గల్లాపెట్టెలో వేసుకుని, “నాయనా, నీ సరుకులు నూట డెబ్బై ఎనిమిది అయ్యాయి. ఎనిమిది బిళ్లలు, ఏడు పది నోట్లు, ఒక వంద నోటు లెక్కకు సరిగ్గా ఇవ్వు” అన్నారు.

వాడు చేతిలోకి చూసుకుని లేవన్నాడు.

“లేవంటే ఎలా నాయనా, చేతిలో నాలుగు వందల రెండు రూపాయలు పెట్టుకుని?”

ఆ మాటకు మావాడు ఆగిపోయాడు. కాసేపటికి ఒక వంద నోటు ముందుకు తోసి, “తాతయ్యా, దీనికి చిల్లర ఇస్తారా?” అని అడిగాడు. ఆ ప్రశ్న వాడంతట వాడే అడిగాడు, మేమెవరమూ చెప్పలేదు. నాన్న పది పది నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. వాటిలో ఒకటి మళ్లీ ముందుకు తోసి పది బిళ్లలు తీసుకున్నాడు. తాతయ్య మోసం చేశారేమోనన్న అనుమానంతో కాబోలు, చెల్లించే ముందు తన దగ్గర ఉన్నదంతా మళ్లీ లెక్కపెట్టుకున్నాడు: మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. “ఇంకా నాలుగు వందల రెండే!” అని వాడు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత చెల్లింపు క్షణంలో పని. రెండు వంద నోట్లు, రెండు పది నోట్లు, నాలుగు బిళ్లలు మిగిలాయి. పుస్తకంలో 224 అని రాసుకున్నాడు.

మీ అమ్మాయితో చేసేటప్పుడు ఆ మధ్యలో మళ్లీ లెక్కపెట్టుకోవడాన్ని మాత్రం వదిలిపెట్టకండి. పుస్తకంలో నాలుగును కొట్టేసి పైన 3 వేస్తాం, సున్నాను కొట్టేసి 9 వేస్తాం, రెండును 12 చేస్తాం. పిల్లల కళ్లకు అది సంఖ్యను చెరిపి వేరే సంఖ్య రాసినట్టే కనిపిస్తుంది. అది అదే 402 అని, మారింది రూపమే తప్ప విలువ కాదని చేతులతో తెలుసుకుంటే గాని నమ్మకం కుదరదు. మార్చినప్పుడు సొమ్ము తగ్గదు, చెల్లించినప్పుడే తగ్గుతుంది.

ఒక్క మధ్యాహ్నంతో అంతా అయిపోయిందని అనుకోకండి. మరునాడు 65లోంచి 23 తీసివేయమంటే, అవసరం లేకపోయినా ఒక పది నోటును మార్చేసి, పదిహేను బిళ్లల్లోంచి మూడు, అయిదు నోట్లలోంచి రెండు ఇచ్చి, మిగిలిన మూడింటినీ పన్నెండింటినీ పక్కపక్కన 312 అని రాశాడు. అరవై అయిదు రూపాయలతో బయలుదేరినవాడి దగ్గర మూడు వందల పన్నెండు మిగిలాయని నాన్న పడీపడీ నవ్వారు. “పన్నెండు బిళ్లలు జేబులో మోస్తావా, పది ఇచ్చి నోటు పుచ్చుకుంటావా?” అన్నారు. నోటు పుచ్చుకుంటే నాలుగు పదులు, రెండు ఒకట్లు, అంటే 42. కూడికలో ‘చేతిలో ఒకటి’ అని మనం చెప్పేది సరిగ్గా ఇదే. పది బిళ్లలిచ్చి నోటు తీసుకోవడం కూడికలో వస్తుంది, నోటు ఇచ్చి పది బిళ్లలు తీసుకోవడం తీసివేతలో వస్తుంది. మీరు అమ్మాయికి కూడికలు వచ్చని రాశారు కానీ, నాకు కొంచెం సందేహమే. 267కు 158 కలపమని, చేతిలో ఉన్న ఆ ఒకటి నిజానికి ఎంత అని అడిగి చూడండి. ‘ఒకటి’ అంటే ఇంకా రాలేదన్నమాట. ఏడూ ఎనిమిదీ కలిపినప్పుడు వచ్చే ఒకటి పది, ఆ తరువాతి స్థానంలో వచ్చే ఒకటి వంద. అది తెలియని పిల్లలే 31115 అని రాసి, తమ జవాబు చూసి తామే ఆశ్చర్యపోకుండా ఊరుకుంటారు.

పదే ఎందుకని అడిగితే కూడా నాన్న దగ్గర సమాధానం ఉంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద చొప్పున నయాపైసలు వచ్చేనాటికి ఆయన నాలుగో తరగతి. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు కనక కూడికలో పదహారు దగ్గర మార్చుకోవాలి. అయిదు రూపాయల పదకొండు అణాలకు మూడు రూపాయల తొమ్మిది అణాలు కలిపితే ఎనిమిది రూపాయల ఇరవై అణాలు, అంటే తొమ్మిది రూపాయల పావలా. మావాడికి ఇది ఎందుకు సులువుగా ఎక్కిందంటే, వాడికి క్రికెట్ పిచ్చి. 12.4 ఓవర్ల తరువాత మూడు బంతులు వేస్తే 12.7 కాదు, 13.1 అవుతుందని ఎవరూ నేర్పకుండానే వాడికి తెలుసు. ఓవర్లలో ఆరు దగ్గర, అణాల్లో పదహారు దగ్గర, మన అంకెల్లో పది దగ్గర మారుతుంది.

ఇక్కడే ఒక ఫిర్యాదు చెప్పుకోవాలి. ఇప్పటి పిల్లలకు చిల్లర ఎక్కడ కనిపిస్తుంది? మా వీధి చివర కొబ్బరిబోండాల బండి మీద కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. నోటు ఇచ్చినా, రెండు రూపాయలు తిరిగి ఇవ్వవలసిన చోట చాక్లెట్ చేతిలో పెడతారు. మా చిన్నప్పుడు కొట్టులో కూర్చుంటే రోజుకు వందసార్లు కళ్ల ముందు జరిగిన మార్పిడిని, ఇప్పుడు పనిగట్టుకుని నేల మీద పరిచి చూపించవలసి వస్తోంది.

రెండో ఫిర్యాదు బడి మీద. కొట్టు నడిపేవాళ్లు నిజానికి తీసివేయరు, ఎక్కిస్తారు. నూట డెబ్బై ఎనిమిదికి రెండు వేస్తే నూట ఎనభై, ఇరవై వేస్తే రెండు వందలు, రెండు వందలు వేస్తే నాలుగు వందలు, ఇంకో రెండు వేస్తే నాలుగు వందల రెండు. వేసినవన్నీ కలిపితే 224. మావాడు పరీక్షలో ఒకసారి ఇలా చేసి సరైన జవాబు రాస్తే, పద్ధతి ప్రకారం లేదని సగం మార్కులు కోశారు. బడి పేరు చెప్పను కానీ, ఆ సగం మార్కుల బాధ నాకు ఇంకా తీరలేదు.

మరో సంగతి మీరు అడగలేదు, అయినా బెంగళూరులో ఉన్నారు కనక చెబుతున్నాను. అంకెలు ఇంట్లో తెలుగులో చెప్పించండి. తెలుగులో ఇరవై మూడు అంటే పదులు ముందు, ఒకట్లు వెనక, రాసే వరుసే పలికే వరుస. పదమూడులో కూడా పదే ముందు వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘థర్టీన్’ అంటే మూడు ముందు వినిపించి, పిల్లలు 31 అని రాసేస్తారు. మీ కన్నడంలో తొమ్మిది ఒంబత్తు, తొంభై తొంబత్తు, ఆ మొదటి అక్షరం జాగ్రత్తగా వినకపోతే పదింతల తేడా వచ్చేస్తుంది. మా తమిళం సంగతి ఇంకా చిత్రం. ఎనభైని ఎన్‌బదు అంటారు, తొమ్మిదిని ఒన్‌బదు అంటారు. తొంభై తొణ్ణూరు, తొమ్మిది వందలు తొళ్లాయిరం. అంటే తొమ్మిది దగ్గరకు వచ్చేసరికి పేర్లన్నీ ఒక మెట్టు పైకి ఎక్కి కూర్చుంటాయి. కూరగాయల బండి దగ్గరకు పంపితే మావాడు పరుగెత్తుకుంటూ వచ్చి, బీన్స్ కిలో తొమ్మిది వందలట అన్నాడు. ఆమె చెప్పింది తొణ్ణూరు, వీడు అందులో ‘నూరు’ పట్టుకున్నాడు. వాడి తప్పేమీ లేదు, రెండు భాషల్లోనూ నూరంటే వందే. తెలుగులో లెక్కలు చెబితే వెనకబడిపోతారని మన అపార్ట్‌మెంట్లలో ఒక భయం ఉంది. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన అనే కవి, గణితవేత్త మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు, మనకు మూడో తరగతి తీసివేత చెప్పడానికి మొహమాటం.

తెలుగు వల్ల కూడా ఒక చిక్కు ఉంది, అది దాచను. నూట మూడు అనగానే 100 రాసి పక్కన 3 వేసి 1003 చేస్తారు. దీనికి పాత శుభలేఖలు బాగా పనికొస్తాయి. ఆ అట్టను కత్తిరించి పొడుగు ముక్క మీద 100, పొట్టి ముక్క మీద 3 రాసి, 3ను చివరి సున్నా మీద కప్పించండి. వంద పోలేదు, కిందే ఉందని కనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్న. అబాకస్ అనే పూసల చట్రంలో ఒక్కో కడ్డీ ఒక్కో స్థానమే కనక ఆ వస్తువును నేను తప్పు పట్టను. కానీ మా అపార్ట్‌మెంట్‌లో అబాకస్ నేర్చుకుని, గాలిలో వేళ్లు ఆడిస్తూ గబగబా జవాబులు చెప్పే పిల్లను, 402లో ఆ నాలుగు ఎంత అని అడిగితే నాలుగే అంది. ట్యూషన్‌లో కూడా పక్కింటి అప్పే చెబుతారు కనక నెల రోజులు ఆగి చూడండి. ఈలోగా తొమ్మిది వంద నోట్లు, ఇరవై పది నోట్లు, ముప్పై రూపాయి నాణేలు సమకూర్చుకోండి. మీరు కొట్టువాళ్లు, అమ్మాయి కొనేది. తరువాత తారుమారు చేసి, ఆమెను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి, అప్పుడు చిల్లర ఇవ్వవలసిన బాధ్యత ఆమెది. రెండు మూడు రోజులయ్యాక ప్రతి మార్పిడినీ పక్కనే కాగితం మీద రాయించండి, లేకపోతే నోట్ల ఆట నోట్ల దగ్గరే ఆగిపోతుంది.

నోట్లు సులువుగానే దొరుకుతాయి, రూపాయి నాణేలే కష్టం. మాకు మా వీధిలో పూలు అమ్మే ఆవిడ ముప్పై లెక్కపెట్టి ఇచ్చింది. గల్లాపెట్టెలో ఇప్పుడు ఇరవై ఆరే ఉన్నాయి. ఎన్ని తగ్గాయో మావాడు చిటికెలో చెప్పాడు కానీ, ఎక్కడికి పోయాయో మాత్రం చెప్పడం లేదు.