అరవై దాటాక విదేశయాత్ర: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. నాకు 67 ఏళ్లు, నా భార్యకు 62. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నాకు మధుమేహం. ఇద్దరమూ శాకాహారులం. ఒక ట్రావెల్స్ వారు ఏడు రోజుల్లో సింగపూరు, మలేషియా, థాయిలాండ్ మూడూ చూపిస్తామంటున్నారు. ధర మాకు అందుబాటులోనే ఉంది. వెళ్లవచ్చునా?
— ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ధర అందుబాటులో ఉన్నా, ఆ ప్రయాణం మీ ఇద్దరికీ తగినదని నేను అనుకోవడం లేదు. వారు ఇచ్చిన కాగితం మళ్లీ తీసి, చూపించే స్థలాల జాబితాను కాసేపు పక్కన పెట్టి, ఎన్నిసార్లు పెట్టె సర్దవలసి వస్తుందో, ఎన్ని రోజులు తెల్లవారకముందే లేవాలో, ఎన్నిసార్లు బస్సు ఎక్కి దిగాలో లెక్క వేసి చూడండి. వారం రోజుల్లో మూడు దేశాలంటే విమానాశ్రయాల్లోనే చాలా పూటలు గడిచిపోతాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారిని ఎక్కువగా బాధపెట్టేవి ఆ వరుసల్లో నిలబడడమూ, ఆ ఎక్కిదిగడమూనే. మధుమేహం ఉన్నవారికి భోజన వేళలు తప్పడం మరో ఇబ్బంది. పైగా మీరు కట్టే సొమ్ములో పెద్ద భాగం ఈ తిరుగుడుకే పోతుంది.

అందుకని, ఆ రోజులన్నిటినీ ఒకే ఊరికి ఇవ్వండి. వీలైతే పది రోజులు చేసుకోండి. మీకు నేను చెప్పే ఊరు మలేషియాలో పెనాంగ్ దీవి మీద ఉన్న జార్జ్ టౌన్. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా వెళ్లే విమానంలో సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి పెనాంగ్‌కు ఇంకో గంట. మన సమయానికీ వారి సమయానికీ తేడా రెండున్నర గంటలే కనుక నిద్ర చెడదు, మందుల వేళలు సరిచేసుకోవడమూ కష్టం కాదు. భారతీయులకు 30 రోజుల లోపు పర్యటనకు వీసా అక్కర్లేదన్న సడలింపును 2023 డిసెంబరులో మొదలుపెట్టి, 2026 చివరి వరకు పొడిగించారు. టికెట్టు కొనే ముందు అది అమలులో ఉందో లేదో చూసుకోండి. దిగడానికి ముందు మూడు రోజుల లోపల డిజిటల్ ఆగమన పత్రం నింపాలి. మలేషియా ఇమిగ్రేషన్ శాఖ సొంత వెబ్‌సైటులో దానికి రుసుము లేదు. అలాంటి పేర్లతోనే కనిపించే ప్రైవేటు సైట్లు డబ్బు అడుగుతాయి, వాటికి కట్టకండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కౌలాలంపూర్ నుంచి బట్టర్‌వర్త్ వరకు మంచి రైలు ఉంది, అక్కడ పడవ ఎక్కితే జార్జ్ టౌన్ చేరవచ్చు. అయితే స్టేషను నుంచి రేవు దాకా సామానుతో నడవాలి కనుక మీ శ్రీమతికి విమానమే మేలు.

బస విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. జార్జ్ టౌన్ పాత నగరాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి పాత చైనా వ్యాపారుల ఇళ్లు చాలావరకు ఇప్పుడు చిన్న హోటళ్లయ్యాయి. ఫొటోల్లో చూస్తే మనసు లాగేస్తాయి. కాని లోపల నిటారుగా, ఇరుకుగా ఉండే చెక్క మెట్లు ఉంటాయి, చాలా వాటిలో లిఫ్టు ఉండదు. డబ్బు కట్టే ముందే మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: లిఫ్టు ఉందా, లేకుంటే కింది అంతస్తులో గది ఇస్తారా, స్నానాల గదిలో టబ్బు దాటకుండా నిలబడి స్నానం చేయడానికి వీలుందా. వీధి కూడా అలాంటిదే. దుకాణాల ముందు నీడనిచ్చే అరుగులు వరుసగా ఉంటాయి గాని ఒక్కో అరుగు ఒక్కో ఎత్తులో ఉంటుంది. ఒకటి జానెడు దిగితే ఇంకొకటి మూరెడు ఎక్కాలి, మధ్యలో మోటారు సైకిళ్లు అడ్డం పెట్టి ఉంటాయి, పక్కనే లోతైన కాలువ. కొత్తవారు తల ఎత్తి మేడలు చూస్తూ నడిస్తే కాలు మెలిక పడుతుంది. ఉదయం తొమ్మిదిన్నరలోపు ఒక విడత, సాయంత్రం అయిదు దాటాక ఒక విడత బయటికి వెళ్లి, ఎండవేళ గదిలో పడుకోండి. గ్రాబ్ అనే యాప్‌తో వచ్చే కార్లు చవక. నగరం నడిబొడ్డున తిరిగే ఉచిత బస్సు కూడా ఉంది.

శాకాహారానికి లోటు లేదు. క్వీన్ వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ ఆలయం ఉంది, దాని చుట్టూ లిటిల్ ఇండియా. ఇడ్లీ, దోసె, అరటాకు భోజనం అక్కడే దొరుకుతాయి. బయట తినేటప్పుడు మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి: అక్కడి కారపు పచ్చడి సాంబల్‌లో బెలచాన్ అనే రొయ్యల ముద్ద కలుస్తుంది, కొబ్బరిపాల అన్నం నాసి లెమాక్ మీద ఎండుచేపలు వేస్తారు. కూరగాయలే వేశామని వారు నిజాయితీగానే చెబుతారు, ఆ ముద్ద సంగతి వారికి తట్టదు. కనుక బెలచాన్ వద్దని పేరు పెట్టి చెప్పండి.

పెనాంగ్ కొండ మీదికి మెట్లెక్కనక్కర్లేదు, 1923లో మొదలైన తాడు రైలు మార్గం ఉంది. పైన చల్లగా ఉంటుంది. సెలవు రోజుల్లో వరుసలు చాలా పొడుగు కనుక మామూలు పనిదినం పొద్దున్నే వెళ్లండి. దండాయుధపాణి కొండ ఆలయానికి 513 మెట్లు, కౌలాలంపూర్ దగ్గరి బతు గుహలకు 272 మెట్లు. ఈ రెండింటికీ మీ శ్రీమతిని బలవంతపెట్టవద్దు. బతు గుహల ముందున్న 140 అడుగుల మురుగన్ విగ్రహాన్ని కింద నుంచే తృప్తిగా చూడవచ్చు.

వర్షాలు సెప్టెంబరు, అక్టోబరులలో ఎక్కువ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొంత పొడిగా ఉంటుంది గాని, చైనా నూతన సంవత్సరం వారంలో గదుల ధరలు పెరుగుతాయి. విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల (అక్కడి కరెన్సీ) పర్యాటక పన్ను వేరుగా తీసుకుంటారు. వారం పైబడి ఉంటామంటే చాలా హోటళ్లు ధర తగ్గిస్తాయి కనుక అడగడానికి మొహమాటపడకండి. అలా మిగిలిన డబ్బును నేరు విమానానికి, లిఫ్టున్న హోటలుకు, కార్లకు ఖర్చు పెట్టండి. ఈ మూడింటి దగ్గర పొదుపు చేయకండి. తోట పనులకు వంద సంవత్సరాలకు పూర్వం వలస వెళ్లిన మనవారి సంతతి పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతు ప్రాంతంలో నేటికీ తెలుగు మాట్లాడుతున్నారు. మళ్లీ ఎప్పుడైనా మలేషియా వెళ్లగలిగితే ఆ ఊళ్లు చూడండి.

ప్రశ్న: ట్రావెల్స్ వారు ప్యాకేజీ ధర పైన టీసీఎస్ అని అదనంగా వసూలు చేశారు. ఆ డబ్బు పోయినట్టేనా?
— ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: పోలేదు. టీసీఎస్ అంటే అమ్మేవారే కొనేవారి దగ్గర వసూలు చేసి కట్టే పన్ను. అది మీ పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు ముందుగా జమ అయిన సొమ్ము. ఆ శాఖ వెబ్‌సైటులో మీ పేరున ఉండే పన్ను జమల పట్టికలో కనిపిస్తుంది. రిటర్ను దాఖలు చేసినప్పుడు మీరు కట్టవలసిన పన్నులో సర్దుబాటు అవుతుంది, పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. ఆదాయం పరిమితి లోపే ఉంది కదా అని రిటర్ను వేయని పింఛనుదారులు ఈ డబ్బును ఊరికే వదులుకుంటున్నారు, ఆ ఏడాదికి తప్పకుండా వేయండి. దీని రేటు బడ్జెట్‌లను బట్టి మారుతుంటుంది. విమానం టికెట్టు మాత్రమే విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. రక్తపోటు ఉంది, మూడేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. డాక్టరు గారు ప్రయాణానికి ఒప్పుకున్నారు. బీమా, మందుల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: బీమా దరఖాస్తులో స్టెంట్ సంగతి దాచకండి. ప్రీమియం పెరుగుతుందన్న భయంతో కొందరు రాయరు, తీరా ఆసుపత్రిలో చేరాక క్లెయిము తిరస్కరిస్తే విదేశీ ఆసుపత్రి బిల్లు ఇల్లు అమ్మినా తీరదు. పాలసీ పత్రంలో ముందునుంచి ఉన్న జబ్బులకు ఎంతవరకు చెల్లిస్తారో ఉన్న వాక్యాన్ని చదవండి. చాలా పాలసీలు ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. మొదట మన చేతి నుంచి పెట్టుకోవలసిన మొత్తం ఎంతో కూడా చూడండి. 70 దాటినవారికి షరతులు ఎక్కువ కనుక రెండు మూడు కంపెనీల పత్రాలు పక్కపక్కన పెట్టుకుని పోల్చాలి.

మందులను డబ్బాల్లోకి మార్చకుండా, పేరు కనిపించే స్ట్రిప్పులతోనే తీసుకువెళ్లండి. ప్రయాణపు రోజులకు మించి మరో వారానికి సరిపడా, మొత్తం చేతిసంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు దాన్ని లగేజీలో వేస్తే పైన చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. డాక్టరు గారి చీటీలో కంపెనీ పేర్లతో పాటు క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ వంటి అసలు మందు పేర్లు రాయించుకోండి, మన కంపెనీ పేర్లు విదేశంలోని మందుల దుకాణంలో ఎవరికీ తెలియవు. మనకు మామూలుగా దొరికే మందులు కొన్ని దేశాల్లో నిషిద్ధం. జపాన్‌కు వెళ్లేవారు ఒక నెలకు మించి మందులు తీసుకువెళ్లాలంటే ముందే అనుమతి పొందాలి, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలతో, కోడీన్ ఉన్న దగ్గు మందులతో చిక్కులు వస్తాయి. వంటింటి సంగతీ ఒకటి చెప్పాలి: సింగపూరుకు, దుబాయికి గసగసాలు తీసుకువెళ్లకూడదు. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో చూసుకోండి.

చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసుకున్నప్పుడే చెప్పండి, రుసుము ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. మెట్లు ఎక్కగలిగినవారికి, ఎక్కలేనివారికి వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. మీ అమ్మగారు మెట్లు ఎక్కలేకపోతే ఆ మాట స్పష్టంగా నమోదు చేయించండి, లేదంటే విమానం మెట్ల కింద దింపి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. నడవ పక్క సీటు తీసుకుని, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా వేసుకునే బిగుతు మేజోళ్ల విషయం డాక్టరు గారినే అడగాలి.

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి విరమించాను, 63 ఏళ్లు, ఒంటరిగా ఉంటాను. ఏ టూరు చూసినా ఒక్కరే అయితే గదికి అదనంగా కట్టమంటున్నారు. తోడు లేకుండా నేను ఒక్కదాన్నే వెళ్లదగిన దేశం ఉందా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: ఉందమ్మా, మీకు జపాన్ సరిపోతుంది, అందులోనూ క్యోటో. అక్కడ ఉద్యోగ పర్యటనలకు వచ్చేవారి కోసం కట్టిన బిజినెస్ హోటళ్లలో ఒక్కరికే సరిపోయే చిన్న గదులు ఒక్కరి ధరకే ఇస్తారు. గది ఇరుకే గాని శుభ్రతకు వంక పెట్టలేము. ఎక్కువ భాగం స్టేషన్ల దగ్గరే ఉంటాయి. సింగపూరు, బ్యాంకాక్, హాంకాంగ్‌లలో ఏదో ఒక దాని మీదుగా ఒసాకా దగ్గరి కాన్సాయ్ విమానాశ్రయంలో దిగితే, క్యోటోకు హరుకా రైలు సుమారు గంటా పావు. వీసా ముందుగా తీసుకోవాలి.

పూల కాలమైన మార్చి చివర, ఏప్రిల్ మొదట, ఆకులు ఎర్రబడే నవంబరులో గదుల ధరలు భరించలేము. ఆకులు రాలిపోయాక డిసెంబరు మధ్యలో ధరలు తగ్గుతాయి. చలి ఉంటుంది, రెండు స్వెటర్లు చాలు. కరసుమా సబ్‌వే మార్గానికి దగ్గరలో గది తీసుకుంటే రద్దీ బస్సుల బాధ తప్పుతుంది, స్టేషన్లలో లిఫ్టులూ ఉంటాయి. ఏడు రోజుల రైలు పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది కనుక, ఒకే ఊరిలో ఉండే మీకు అది దండగ. వేరే ఊరికి మారినా పెద్ద పెట్టెను హోటలు కౌంటరులో ఇస్తే కొరియరు వారు అక్కడి హోటలుకు చేరుస్తారు, మీరు చేతిసంచితో వెళ్లిపోవచ్చు.

క్యోటోలో సంజుసంగెన్‌దో ఆలయాన్ని తప్పక చూడండి. ఎత్తులెక్కే పని లేని ఒకే పొడవాటి చెక్క మందిరంలో 1,001 కన్నోన్ (కరుణామూర్తి అవలోకితేశ్వరుడు) విగ్రహాలు వరుసలు తీరి ఉంటాయి. వాటి ముందు కాపుగా నిలిచిన 28 మంది దేవతల్లో ఇంద్రుడూ, గరుత్మంతుడూ ఉన్నారు. పిల్లనగ్రోవి ఊదుతున్న ఆ గరుత్మంతుడి దగ్గర కాసేపు ఆగండి. చెప్పులు విప్పి నడవాలి, చెక్కనేల చాలా చల్లగా ఉంటుంది, మందపాటి మేజోళ్లు వేసుకోండి. ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాల కొండను మొదటి మలుపు వరకే చూసి రావచ్చు.

భోజనమే కష్టం. కూరగాయల వంటకంలోనూ ఎండుచేప తురుముతో కాచిన దాషి అనే చారు కలుస్తుంది. బౌద్ధ మఠాల పద్ధతిలో వండే షోజిన్ ర్యోరి సాధారణంగా పూర్తి శాకాహారమే, ఒకటి రెండు పూటలు అది తినండి. మిగతా పూటలకు గదిలో కెటిల్ ఉంటుంది, వేడినీళ్లతో అయ్యే ఉప్మా, పొడులు దగ్గర పెట్టుకోండి. కార్డుతో చెల్లించేటప్పుడు రూపాయల్లోనా, యెన్లలోనా అని అడిగితే యెన్లనే ఎంచుకోండి, రూపాయలంటే మారకంలో నష్టపోతారు. బ్యాంకు ఓటీపీలు మన సిమ్‌కే వస్తాయి కనుక అక్కడ కొత్త సిమ్ తీసుకున్నా పాతదాన్ని తీసేయకుండా, బయలుదేరే ముందే దానికి రోమింగ్ పెట్టించుకోండి.